టెండర్ కాగితంలో ఒక్క పేజీ చేర్చండి: సరిహద్దు జిల్లాల భవన ఇంజినీర్లకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఆసుపత్రులు, కాలేజీలు, తుఫాను షెల్టర్లు, ఆఫీసు భవనాలకు టెండర్ పత్రాలు తయారుచేసే ఇంజినీరు గార్లకు, వారికి సలహాదారులుగా ఉన్న ఆర్కిటెక్టులకు

నమస్కారం.

బరంపురంలో స్టీల్ డీటెయిలింగ్ చేసే చిన్న ఆఫీసు మాది. ఇంజినీరు డిజైన్ చేసిన ఉక్కు కట్టడాన్ని టెక్లా అనే సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ ముక్క ముక్కగా కట్టి, ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు కావలసిన షాప్ డ్రాయింగులు, కటింగ్ లిస్టు, బోల్టు లిస్టు తీసి ఇస్తాం. ఆర్కిటెక్టు భువనేశ్వర్‌లో ఉంటారు, స్ట్రక్చరల్ ఇంజినీరు విశాఖలో ఉంటారు, షెడ్డు శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో ఉంటుంది, కట్టేది పర్లాకిమిడిలోనో రాయగడలోనో. మన వైపు పనులన్నీ ఇలాగే ఒడిశా, ఆంధ్ర రాష్ట్రాల మధ్య తిరుగుతాయి. పైగా ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సాఫ్ట్‌వేర్. ఆర్కిటెక్టు రెవిట్‌లోనో ఆర్కిక్యాడ్‌లోనో గీస్తారు. ఇంజినీరు స్టాడ్‌లోనో ఈట్యాబ్స్‌లోనో లెక్క కడతారు. మేం టెక్లాలో చేస్తాం. కరెంటు, ఏసీ, నీళ్ళ పైపుల వాళ్ళది మరొకటి.

ఇన్ని చేతులు మారే భవన నమూనాలో సమాచారం ఎలా చేతులు మారాలో చెప్పే పేజీ ఒకటి మీ టెండర్ పత్రంలో ఉండాలి. ఇప్పటిదాకా మా చేతికి వచ్చిన వాటిలో అది లేదు. ఆ ఒక్క పేజీ అడగడానికే ఈ ఉత్తరం.

ఈమధ్య కొన్ని టెండర్లలో ‘బిమ్ మోడల్ సమర్పించాలి’ అన్న వాక్యం కనబడుతోంది. బిమ్ మోడల్ అంటే ఆకారంతోపాటు వివరాలు కూడా ఉండే భవనపు కంప్యూటర్ నమూనా. చాలా సంతోషం. కానీ వాక్యం అక్కడితో ఆగిపోతోంది. కొన్నిట్లో ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫైలే కావాలని రాస్తున్నారు. ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలి, ఏ వెర్షన్‌లో ఇవ్వాలి, లోపల ఏ వివరాలుండాలి, కొలతలు ఏ బిందువు నుంచి మొదలవ్వాలి అన్నవి ఎక్కడా ఉండవు. అవి లేకపోతే ఏమవుతుందో చెబుతాను.

ఒక ఆసుపత్రి ముందు అంబులెన్సులు ఆగే చోట పెద్ద స్టీల్ కానోపీ, అంటే పందిరి లాంటి కప్పు. ఆర్కిటెక్టు ఆఫీసు నుంచి మాకు ఐఎఫ్‌సీ ఫైలు వచ్చింది. ఐఎఫ్‌సీ అంటే ఏ ఒక్క కంపెనీకీ చెందని, చాలా సాఫ్ట్‌వేర్లు చదవగలిగే భవన సమాచార ఫార్మాట్. తెరిచి చూస్తే అంతా ముచ్చటగా ఉంది. స్తంభాలు, కప్పు దూలాలైన రాఫ్టర్లు, వాటి మీద రేకును మోసే జెడ్ పర్లిన్లు, పైన రేకు, అన్నీ ఎక్కడివక్కడే. రాఫ్టర్ మీద క్లిక్ చేస్తే మాత్రం ‘బిల్డింగ్ ఎలిమెంట్ ప్రాక్సీ’ అని వచ్చింది. అంటే ఇదేదో భవనంలో ఒక వస్తువు అని చెప్పడమే తప్ప అది దూలమని ఆ ఫైలుకు తెలియదు. ఐఎస్ఎంబీ 300 అన్న సెక్షన్ పేరు లేదు. స్టీల్ గ్రేడు లేదు. ఆకారం ఉంది గానీ, అదీ చిన్న చిన్న ముఖాలుగా చితికిపోయి ఉంది. ఒక ఐ సెక్షన్‌ను ఇంత పొడవు లాగాం అన్న రూపంలో వస్తే టెక్లా దాన్ని తన సొంత బీమ్‌గా మార్చుకోగలదు. ముఖాల కుప్పగా వస్తే మార్చుకోలేదు. టన్నేజీ రిపోర్టు తీస్తే ఆ రాఫ్టర్లు అసలు లెక్కలోకే రాలేదు.

కారణం చూస్తే చాలా చిన్నది. రెవిట్‌లో ఆ రాఫ్టర్లను స్ట్రక్చరల్ ఫ్రేమింగ్ కేటగిరీలో కాకుండా జెనెరిక్ మోడల్ కేటగిరీలో చేశారు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. బయటికి ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు జెనెరిక్ మోడల్ కాస్తా ప్రాక్సీ అయిపోతుంది. కేటగిరీ సరిగ్గా పెట్టి ఉంటే సగం కష్టం అక్కడే తీరేది. ఫోన్ చేస్తే వాళ్ళు అన్న మాట: ‘మా దగ్గర బాగానే కనిపిస్తోంది కదండీ, టెండర్‌లో ఇంతకు మించి అడగలేదు.’ వాళ్ళను తప్పు పట్టలేను. నిజంగానే ఎవరూ అడగలేదు. పీడీఎఫ్ డ్రాయింగులు పక్కన పెట్టుకొని ఆ కానోపీ మొత్తం మొదటి నుంచి చేశాం. ఆ తర్వాత రివిజన్ వచ్చింది. ఐఎఫ్‌సీలో ప్రతి వస్తువుకూ 22 అక్షరాల గుర్తింపు ఒకటి ఉంటుంది. అది రివిజన్ రివిజన్‌కీ మారకుండా ఉంటే పాత ఫైలునూ కొత్త ఫైలునూ పోల్చి, ఏ దూలం జరిగిందో, ఏది కొత్తగా వచ్చిందో కంప్యూటరే చెప్పేస్తుంది. ఆ ఆఫీసు మోడల్‌ను కొత్త ఫైల్లోకి కాపీ చేసి తీయడంతో గుర్తింపులన్నీ మారిపోయాయి. ఏది మారిందో కళ్ళతో వెతుక్కోవలసి వచ్చింది. షెడ్డులో అప్పటికే ప్లేట్లు కోసేశారు. టెన్షన్ ఎవరిదో మీరే ఊహించండి.

మన పెద్దవాళ్ళకు నౌపడా స్టేషన్ గుర్తుండే ఉంటుంది. పర్లాకిమిడి, గుణుపురం వైపు వెళ్ళే చిన్న రైలు పట్టా వెడల్పు రెండున్నర అడుగులు, మెయిన్ లైనుది బ్రాడ్ గేజి. సరుకు మొత్తం అక్కడ ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాల్సిందే. దారిలో బాగానే ఉన్న బస్తా దించి ఎక్కించే చోటే చిరిగేది. మా నమూనాల పరిస్థితి అచ్చం ఇదే. గీసినచోట బాగుంటుంది, లెక్క కట్టినచోట బాగుంటుంది, చేతులు మారే చోటే పోతుంది. ఆ మారే చోటు మీద మీ టెండర్‌లో ఒక్క మాట కూడా లేదన్నదే నా బాధ.

ఐఎఫ్‌సీ గురించి భయపడేవాళ్ళు మన ఇంజినీర్లలో చాలామంది ఉన్నారు. ఒక్కసారి ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమని నా మనవి. లైసెన్సు అక్కర్లేదు, అది మామూలు టెక్స్ట్ ఫైలే. మొదటి వరుసలోనే ఐఎస్ఓ 10303-21 అని ఉంటుంది, ఆ రాత పద్ధతికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం నంబరు అది. కొంచెం కిందికి వస్తే ఏ సాఫ్ట్‌వేర్ నుంచి, ఏ తేదీన తీశారో ఉంటుంది. ఫైల్ స్కీమా అన్న చోట ఐఎఫ్‌సీ 2ఎక్స్3 అనో, ఐఎఫ్‌సీ4 అనో కనబడుతుంది. ఆ తర్వాత వరుసలన్నీ ఒకే తీరు: హాష్ గుర్తు, ఒక నంబరు, సమానం గుర్తు, వస్తువు రకం, బ్రాకెట్లో దాని వివరాలు. గోడ వరుసలో గోడ గుర్తింపు, పేరు ఉంటాయి. అది ఎక్కడుందో చెప్పేది ఇంకో వరుస, ఆకారం చెప్పేది మరో వరుస, వాటి నంబర్లు ఇక్కడ ఉంటాయి. అలా పట్టుకొని పోతే అంతస్తు, భవనం, స్థలం దాకా వెళతాం. ఫైండ్‌లో ప్రాక్సీ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. ఎన్ని వస్తువులు తామేమిటో చెప్పుకోలేకుండా వచ్చాయో నిమిషంలో తెలిసిపోతుంది. కన్సల్టెంటు బిల్లు పాస్ చేసే ముందు ఏ జూనియర్ ఇంజినీరైనా చేయగలిగిన తనిఖీ ఇది.

మన జిల్లాలకు సంబంధించిన చిన్న మాట ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. గదుల పేర్లు ఒడియాలో రాయాలనో, కొన్నిచోట్ల తెలుగులో కూడా ఉండాలనో అడుగుతుంటారు, అడగాలి కూడా. ఐఎఫ్‌సీ ఫైల్లో ఇంగ్లీషేతర అక్షరాలను నేరుగా రాయకూడదు, యూనికోడ్ సంఖ్యలుగా మార్చి రాయాలి. మార్చే పని ఎక్స్‌పోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్‌దే. అది సరిగ్గా చేయకపోతే అవతల ప్రశ్న గుర్తులు వస్తాయి. ఒడియాలో పేరున్న ఒక్క గదితో ముందే ఒక ఫైలు తీయించి చూస్తే తేలిపోతుంది.

ఈ ఫార్మాట్ నిన్న మొన్నటిది కాదు. 1994లో ఆటోడెస్క్ చొరవతో అమెరికాలో 12 కంపెనీలు కలిసి మొదలుపెట్టిన ప్రయత్నం, ఇప్పుడు బిల్డింగ్ స్మార్ట్ అనే అంతర్జాతీయ సంస్థ చేతిలో ఉంది. 2013లో ఐఎఫ్‌సీ4 ఐఎస్ఓ 16739గా పూర్తిస్థాయి అంతర్జాతీయ ప్రమాణమైంది. 2024 ప్రచురణలో రోడ్లు, రైలు మార్గాలు, వంతెనలు కూడా చేరాయి. ఫిన్లాండ్ ప్రభుత్వ ఆస్తుల సంస్థ 2007 నుంచే తన పనుల్లో ఐఎఫ్‌సీ నమూనాలు అడుగుతోంది. సింగపూర్‌లో భవన అనుమతుల కోసం ప్లాన్లను కంప్యూటరుతో తనిఖీ చేసే ప్రయత్నం ఈ శతాబ్దం మొదట్లోనే ఐఎఫ్‌సీ మీద మొదలైంది. మన దగ్గర కూడా కేంద్ర ప్రభుత్వం 2010లోనే ఈ-గవర్నెన్స్ కోసం ఓపెన్ స్టాండర్డ్స్ విధానం ప్రకటించింది. ఒకే కంపెనీ ఫార్మాట్‌కు ప్రభుత్వ సమాచారం కట్టుబడిపోకూడదన్నది దాని సారాంశం. భవనాల నమూనాలకు ఆ ఆలోచన వర్తించదని నేననుకోను.

డబ్బు మాటకొస్తే, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఒక నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచారం సరిగ్గా మారకపోవడం వల్ల 2002లో ఆ దేశపు పెద్ద భవనాలు, ప్లాంట్ల రంగానికి పడిన అదనపు ఖర్చు 1,580 కోట్ల డాలర్లని లెక్క కట్టింది. అందులో సుమారు మూడింట రెండు వంతులు మోసింది డిజైనర్లూ కాంట్రాక్టర్లూ కాదు, భవనం సొంతదారులు, దాన్ని నడిపేవాళ్ళు. మన దగ్గర ఆ సొంతదారు ప్రభుత్వం, అంటే మీరు. ఇదేదో మా చిన్న ఆఫీసుల గోల అనుకోకండని అందుకే అంటున్నాను.

విమానాల సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఎయిర్‌బస్ ఏ380 తయారీలో హాంబర్గ్ వాళ్ళు కాటియా సాఫ్ట్‌వేర్ 4వ వెర్షన్, టూలూజ్ వాళ్ళు 5వ వెర్షన్ వాడారు. వైరింగు నమూనాలు ఒకదానితో ఒకటి కలవక, తీరా బిగించేటప్పుడు వైర్లు పొట్టిగా తేలాయి. 2006లో ఆ విమానాల డెలివరీలు వాయిదా మీద వాయిదా పడటానికి అదో ముఖ్య కారణం. అదంతా ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్, వెర్షన్లు మాత్రమే వేరు. కాబట్టి ‘అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడితే గొడవే ఉండదు’ అన్న వాదన నిలవదు. రెవిట్ సంగతే చూడండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఏటా ఒక కొత్త వెర్షన్ వస్తుంది. ఆసుపత్రికి ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో అంతస్తు వేయాల్సి వస్తే, ఈనాటి ఫైలు తెరవడానికి ఆనాటికి ఎవరి దగ్గర ఏముంటుంది? సాదా టెక్స్ట్‌లో ఉన్న ఫైలును మాత్రం అప్పుడు కూడా చదవగలం.

ఇక నాకు అన్నిటికంటే కంగారు పుట్టించే విషయానికి వస్తాను. ఇది ప్రత్యేకంగా మన ప్రాంతానిది, భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న కన్సల్టెంటుకు తట్టదు.

సర్వేయర్లు డీజీపీఎస్ అనే ఉపగ్రహ కొలత పరికరంతో ఇచ్చే కొలతలు ఎక్కువగా యూటీఎం అనే మ్యాపు లెక్కలో ఉంటాయి. ఆ లెక్కలో భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోస్తారు. 44వ జోన్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి 84 దాకా, 45వది 84 నుంచి 90 దాకా. ఆ 84 డిగ్రీల గీత సరిగ్గా మన మధ్యలోంచి పోతుంది. కోరాపుట్, రాయగడ, గుణుపురం, అటు శ్రీకాకుళం 44లో ఉన్నాయి. పర్లాకిమిడి, బరంపురం 45లో ఉన్నాయి. పర్లాకిమిడి అయితే గీతను ఆనుకునే ఉంది. అక్కడ ఒకే రాయికి 44వ జోన్ లెక్కలో ఈస్టింగ్, అంటే తూర్పు వైపు కొలత, ఎనిమిది లక్షల మీటర్ల పైన వస్తుంది, 45వ జోన్ లెక్కలో రెండు లక్షల లోపు వస్తుంది. ఉత్తరం వైపు కొలత నార్తింగ్ మాత్రం రెండింట్లోనూ 20 లక్షల పైచిలుకే. శ్రీకాకుళం నుంచి వచ్చిన సర్వే బృందం అలవాటు కొద్దీ 44 పెట్టుకొని కొలిస్తే, బరంపురం ఆఫీసు 45 అనుకొని మోడల్ చేస్తే, రెండు ఫైళ్ళూ కలిపిన రోజు భవనం ఒకచోట, దాని ప్రహరీ ఆరు వందల కిలోమీటర్ల అవతల ఉంటాయి.

అంత తేడా అయితే ఎవరికైనా కనబడుతుంది, సరిచేసుకుంటారు. ఎలా సరిచేస్తారన్నదే ప్రమాదం. మౌస్‌తో పట్టుకొని మోడల్‌ను లాక్కొచ్చి స్థలం మీద పెట్టేస్తారు. జోన్ అంచు దగ్గర గ్రిడ్ ఉత్తరం, అంటే ఆ లెక్కలోని నిలువు గీత చూపే ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కావు. మన అక్షాంశంలో ఆ తేడా ఒక జోన్‌లో ఇటు దాదాపు ఒక డిగ్రీ, పక్క జోన్‌లో అటు దాదాపు ఒక డిగ్రీ. అంటే రెండు జోన్ల ఉత్తరాల మధ్య రెండు డిగ్రీలకు కాస్త తక్కువ. జరిపారు గానీ తిప్పలేదు అనుకోండి, 60 మీటర్ల భవనం అవతలి చివర రెండు మీటర్లు పక్కకు పోయి ఉంటుంది. తెర మీద చూస్తే తెలియదు, ప్రహరీ గోడ మీద తెలుస్తుంది.

ఇంకా సూక్ష్మమైనది కొలబద్ద. జోన్ అంచున యూటీఎం గ్రిడ్ దూరం, నేల మీద టేపు పెట్టి కొలిచిన దూరం కంటే మీటరుకు దాదాపు 0.8 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. 60 మీటర్లకు అది 5 సెంటీమీటర్లు. పునాదిలో పాతే హోల్డింగ్ డౌన్ బోల్టుల దగ్గర మేం మిల్లీమీటర్లలో మాట్లాడుకుంటాం. సర్వే పాయింట్ల మీద నేరుగా గ్రిడ్ లైన్లు గీసేసి, వాటిని బట్టి బోల్టులు పాతితే, షెడ్డులో టేపు కొలతకు చేసిన బేస్ ప్లేటు వాటి మీద కూర్చోదు. సైటులో గ్యాస్ కట్టింగ్ పెట్టి ప్లేటు రంధ్రాలు పెద్దవి చేయడం మనలో చాలామంది చూసిందే. ప్రతిసారీ తప్పు ఫ్యాబ్రికేటర్‌దే అనుకున్నాం.

ఇది మోడల్‌తోపాటే చెప్పడానికి ఐఎఫ్‌సీ4లో చోటుంది. మ్యాప్ కన్వర్షన్ అన్న ఒక్క వరుసలో మన లోకల్ మూలబిందువు ఈస్టింగ్, నార్తింగ్, ఎత్తు, తిప్పవలసిన కోణం, కొలబద్ద గుణకం రాయవచ్చు. దాని పక్కనే జోన్ కోడు రాయవచ్చు: 44వ జోన్‌కు ఈపీఎస్‌జీ 32644, 45కు 32645. పాత 2ఎక్స్3లో ఈ ఏర్పాటు లేదు, స్థలానికి అక్షాంశ రేఖాంశాలు రాసుకోవడమే. కాబట్టి మన జిల్లాల పనులకు ఐఎఫ్‌సీ4గానీ, ఆ తర్వాతిదిగానీ కావాలని అడగండి. మోడల్‌ను మాత్రం భవనం మూల దగ్గర సున్నా పెట్టుకొని చిన్న కొలతల్లోనే చేయమనండి. రెవిట్‌లో మూలబిందువు నుంచి 16 కిలోమీటర్లు దాటితే గీతలే సరిగ్గా రావు, లక్షల మీటర్ల ఈస్టింగ్‌ను నేరుగా అందులో పెట్టకూడదు.

ఇక గాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి జనం ప్రాణాలు పోయాయి. ఆ రెండు రాత్రులు చూసినవాళ్ళకు ఆసుపత్రి పైకప్పు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తూర్పు తీరంలో తుఫాను వచ్చినా నిలబడి తీరాల్సిన ఆసుపత్రులు, షెల్టర్లు, బడులకు గాలి బలాల మీద భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం 2015 సవరణ ప్రకారం గాలి వేగాన్ని 1.30తో గుణించాలి. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 1.69 రెట్లవుతుంది. ఇంత ముఖ్యమైన అంకె ఎక్కడుంటుంది? స్టాడ్ ఫైల్లో, ఇంజినీరు కంప్యూటర్లో. అక్కడి నుంచి ఆర్కిటెక్టు మోడల్‌కు గానీ, మా టెక్లాకు గానీ, చివరికి మీ చేతికొచ్చే ఐఎఫ్‌సీకి గానీ రాదు. రేపు ఆ కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టాలనుకున్న ఇంజినీరుకు, కప్పును ఏ గాలికి డిజైన్ చేశారో మోడల్ చూసి తెలియదు.

లెక్కల మోడల్ మొత్తాన్ని ఐఎఫ్‌సీలో మార్పిడి చేయమని నేను అడగడం లేదు. స్టాడ్‌లో దూలమంటే ఒక గీత, రెవిట్‌లో దూలమంటే ఘనాకారం. అటూ ఇటూ మార్చేటప్పుడు కీళ్ళు విడిపోతాయి. ఐఎఫ్‌సీలో విశ్లేషణ మోడల్‌కు చోటున్నా దాన్ని సరిగ్గా చదివే సాఫ్ట్‌వేర్లు తక్కువ. అడిగేది చిన్నది. డిజైన్‌కు ఆధారమైన నాలుగు అంకెలను, అంటే ప్రాథమిక గాలి వేగం, తుఫాను గుణకం, కప్పు మీద వేసుకున్న బరువు, స్టీల్ గ్రేడు, భవనానికి ప్రాపర్టీ సెట్‌గా, అంటే వస్తువుకు తగిలించే వివరాల పట్టికగా, కట్టి పంపమనండి. ఐఎఫ్‌సీ సొంత ప్రాపర్టీ సెట్లకు అనుమతిస్తుంది. పేరు మాత్రం పీసెట్ అన్న మాటతో మొదలవకూడదు, అది ప్రమాణంలో ఉన్న సెట్లకు కేటాయించినది.

మీలో కొందరి నుంచి వినే అభ్యంతరాలు నాకు తెలుసు. మా ఆఫీసులో ఆ సాఫ్ట్‌వేర్ లేదు, ఎలా చూస్తాం అంటారు. ఫ్రీక్యాడ్ ఉచితం. బ్లెండర్‌లో బోన్సాయ్ అన్న యాడాన్ ఉచితం, అది ఐఎఫ్‌సీని నేరుగా తెరిచి దిద్దగలదు. మామూలు ఆఫీసు కంప్యూటర్లో చిన్న, మధ్యతరహా భవనాలు బాగానే తెరుచుకుంటాయి. ఐఎఫ్‌సీలో సమాచారం పోతుంది అని కన్సల్టెంట్లు అంటారు. కొంత నిజమే. రెవిట్‌లో గోడకు ఉండే తెలివి, అంటే కిటికీ జరిపితే రంధ్రం కూడా జరగడం లాంటివి, ఐఎఫ్‌సీ ద్వారా ఇంకో సాఫ్ట్‌వేర్‌కు పూర్తిగా రావు. ఐఎఫ్‌సీ4లో ఎక్కువగా వాడే రిఫరెన్స్ వ్యూ అన్న ఎక్స్‌పోర్ట్ రకం అసలు దిద్దడానికి ఉద్దేశించింది కాదు, చూసి పోల్చుకోవడానికి, లెక్కలు తీయడానికి. అందుకే రెండూ అడగండి. దిద్దుకోవడానికి అసలు సాఫ్ట్‌వేర్ ఫైలు, దాచుకోవడానికీ ఇంకొకరికి ఇవ్వడానికీ ఐఎఫ్‌సీ. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టే వీలు ఉండకూడదు. పోయేది చాలామటుకు ఫార్మాట్ వల్ల పోదు, ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల మీద ఎవరూ శ్రద్ధ పెట్టకపోవడం వల్ల పోతుంది. కానోపీ విషయంలో చూశాం కదా.

ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలని టెండర్‌లో రాయడం మా లాంటి ఆఫీసులకు నేరుగా దెబ్బ. బరంపురం, జయపురం, రాయగడలో ఇద్దరు ముగ్గురితో నడిచే ఆఫీసులు అన్ని కంపెనీల లైసెన్సులూ కొనలేవు. దాంతో పని భువనేశ్వర్‌కో హైదరాబాద్‌కో పోతుంది. మన పిల్లలు ఇక్కడి కాలేజీల్లో సివిల్ చదివి, అక్కడికే పోయి ఇక్కడి భవనాల డ్రాయింగులే గీస్తున్నారు. రాయగడలో రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. మన వైపు ఇంకా ఎన్నో కట్టడాలు రాబోతున్నాయి. సాఫ్ట్‌వేర్ పేరు తీసేసి ఫార్మాట్ పేరు రాస్తే, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేసినా ఫలితం సరిగ్గా ఉన్నవాళ్ళందరూ పోటీకి రాగలరు.

మీరు చేర్చవలసిన పేజీ ఎలా ఉండాలో నా మాటల్లో రాస్తున్నాను. భాష మీరు దిద్దుకోండి.

‘ప్రతి దశలోనూ మోడల్‌ను తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఫైలుతోపాటు ఐఎఫ్‌సీ4 లేదా తర్వాతి వెర్షన్‌లో కూడా ఇవ్వాలి. భవనం మూలబిందువును పని మొదట్లోనే ఇంజినీరు ఖరారు చేస్తారు. దాని యూటీఎం జోన్, ఈస్టింగ్, నార్తింగ్, ఎత్తు, కోణం, కొలబద్ద గుణకం మ్యాప్ కన్వర్షన్‌లో ఉండాలి. స్తంభాలు, దూలాలు, గోడలు, స్లాబులు, తలుపులు వాటి వాటి సరైన రకంగానే రావాలి, ప్రాక్సీగా వచ్చిన ప్రతిదానికీ లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి. స్టీల్ భాగాలకు సెక్షన్ పేరు ఒకే జాబితా ప్రకారం ఉండాలి, గ్రేడు ఉండాలి. రివిజన్లలో వస్తువుల గుర్తింపు మారకూడదు. డిజైన్ ఆధారపు అంకెలు ప్రాపర్టీ సెట్‌గా ఉండాలి. అసలు పని మొదలుపెట్టే ముందు ఒక స్తంభం, ఒక దూలం, ఒక గోడ, ఒక తలుపు, ఒక గదితో నమూనా ఫైలు తీసి, పనిలో ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ తెరిచి చూపించాలి. ఆ పరీక్ష నెగ్గాకే మొదటి వాయిదా చెల్లింపు.’

సెక్షన్ పేర్ల జాబితా మాట ఊరికే రాయలేదు. ఒకరు ఐఎస్ఎంబీ 300 అంటారు, ఇంకొకరు ఎంబీ 300 అంటారు, మూడో సాఫ్ట్‌వేర్‌లో మధ్యలో ఖాళీ ఉండదు. మనిషికి మూడూ ఒకటే, కంప్యూటరుకు మూడు వేర్వేరు సెక్షన్లు. ఇవన్నీ కంప్యూటరే తనిఖీ చేసేలా రాసుకోవడానికి బిల్డింగ్ స్మార్ట్ వాళ్ళు ఐడీఎస్ అన్న పద్ధతిని 2024లో ప్రమాణంగా ఆమోదించారు. మొదట్లోనే అది కావాలని అడగను. ముందు ఈ పేజీ రానివ్వండి, రెండు మూడు పనులు దీంతో నడిచాక ఐడీఎస్ దానంతటదే అవసరమనిపిస్తుంది.

ఆ పేజీలో అన్నిటికంటే విలువైనది చివర్న రాసిన నమూనా ఫైలు పరీక్ష. మిగతావి కాగితం మీద ఉండిపోయినా, అది ఒక్కటీ నిజంగా చేయిస్తే సగం గొడవలు పని మొదలవకముందే బయటపడతాయి. దానికి పట్టేది ఒక్క పూట.

కొత్త టెండర్ దాకా ఆగక్కర్లేదు. ఇప్పుడు మీ దగ్గర నడుస్తున్న ఏదో ఒక పనిని, చిన్నదైనా సరే, తీసుకోండి. కన్సల్టెంటు ఇచ్చిన ఐఎఫ్‌సీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్రాక్సీలు లెక్కపెట్టండి, మ్యాప్ కన్వర్షన్ ఉందో లేదో వెతకండి. ఉంటే జోన్ ఏదో చూడండి. ఏం దొరికిందో కన్సల్టెంటుకు, కాంట్రాక్టరుకు, డీటెయిలరుకు ఒకే ఉత్తరంలో రాసి, వాళ్ళను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. బరంపురంలో ఆ సమావేశం పెడితే మా ఆఫీసు గది ఇస్తాం, కంప్యూటర్లు ఇస్తాం, ఫైళ్ళు తెరిచి చూపించే పని ఉచితంగా చేస్తాం.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక స్టీల్ డీటెయిలర్